అభివృద్ధి అక్రమ వలసను ఆపుతుందా? ఈ వాదనను తూచి చూసే పద్ధతి

"సొంత దేశంలో నాలుగు వేళ్లూ నోట్లోకి వెళ్లే పరిస్థితి ఉంటే ఎవరూ దొంగదారిన పరాయి దేశం పోరు, పేద దేశాలకు సాయం పెంచితే అక్రమ వలస దానంతటదే ఆగిపోతుంది" అనే వాదన సభల్లోనూ, సంపాదకీయాల్లోనూ, ప్రభుత్వ పత్రాల్లోనూ తరచూ ఎదురవుతుంది. "వలస వెళ్లినవారు పంపే డబ్బే పేద దేశాలను నిలబెడుతోంది, దాన్ని అడ్డుకోవద్దు" అనే ఎదురు వాదన కూడా అంతే ధీమాగా వినిపిస్తుంది. రెండింటిలోనూ కొంత నిజం ఉంది కాబట్టే రెండూ సులువుగా నమ్మిస్తాయి. ఈ విషయంపై వ్యాసం రాయవలసిన విద్యార్థికి, కథనం రాయవలసిన విలేకరికి, చర్చలో మాట్లాడవలసిన వారికి పనికివచ్చేలా, ఇటువంటి వాదనను ఏ వరుసలో, ఏ ప్రశ్నలతో పరీక్షించాలో ఇక్కడ వివరిస్తాను. ఈ వాదనల మీద ఆధారపడి నిధులు కేటాయిస్తారు, సరిహద్దులు మూస్తారు, తెరుస్తారు. లెక్క తప్పితే ఆ భారం పడవ ఎక్కినవారి మీద, ఇంటి దగ్గర అప్పు తీర్చేవారి మీద పడుతుంది. అందువల్ల కొంత ఓపికగా చేయవలసిన పని ఇది.

ముందుగా ఎవరి గురించి మాట్లాడుతున్నారో తేల్చుకోండి

మీ ముందున్న వ్యాసంలోనో నివేదికలోనో "అక్రమ వలసదారు" అనే మాట వచ్చిన ప్రతిచోటా గీత గీసి, అక్కడ ఉద్దేశించింది ఎవరినో పక్కన రాసుకోండి. పత్రాలు లేకుండా సరిహద్దు దాటినవారు ఒక రకం. వీసాతో విమానం దిగి, గడువు ముగిసినా వెనుదిరగని వారు మరొక రకం. గోడలు, కంచెల గురించి సాగే చర్చలో వీరి ప్రస్తావన దాదాపు రాదు. చదువుకోవడానికో, చూసిపోవడానికో అనుమతి పొంది కూలిపని చేస్తున్నవారు ఇంకొక రకం. యుద్ధం నుంచో, హింస నుంచో పారిపోయి ఆశ్రయం కోరేవారిని వీరితో కలపకూడదు. నేరుగా ప్రమాదం నుంచి వచ్చి, ఆలస్యం చేయకుండా అధికారుల ముందు హాజరైన శరణార్థిని అనుమతి లేకుండా ప్రవేశించాడన్న కారణంతో శిక్షించరాదని 1951 నాటి శరణార్థుల ఒడంబడికలోని 31వ అధికరణం చెబుతోంది. ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభ 1975లోనే, అధికారిక పత్రాలలో పని కోసం అనుమతి లేకుండా వచ్చిన కార్మికులను "పత్రాలు లేని" లేదా "క్రమబద్ధం కాని" వలస కార్మికులు అని వ్యవహరించాలని తీర్మానించింది. నేను "అక్రమ వలస" అనే మాటను వాడుకలో ఉన్నది కాబట్టి వాడుతున్నాను. అక్రమమైనది ప్రయాణమో, నివాసమో, ఉద్యోగమో అవుతుంది గాని మనిషి కాడు.

ఈ విభజన చేయగానే సగం గందరగోళం విడిపోతుంది. బాంబుల నుంచి పారిపోయేవారిని ఒక దుస్తుల కర్మాగారం ఆపలేదు. వీసా గడువు దాటినవారి సంగతి వేరు, వారిలో చాలామంది స్వదేశంలో మధ్యతరగతివారే. "అభివృద్ధి జరిగితే ఆగుతుంది" అనే వాదన ప్రధానంగా పని కోసం వెళ్లేవారికి వర్తిస్తుంది కాబట్టి, ఇకపై పరీక్షను వారికే పరిమితం చేయండి.

ఆదాయం పెరిగితే నిజంగా ఏమవుతుందో చూడండి

ఇక్కడే ఎక్కువమంది పొరపడతారు. వలసకు మూలం పేదరికమే అయితే అతి పేద దేశాల నుంచే అత్యధికులు దూరదేశాలకు వెళ్లాలి. వాస్తవం అలా లేదు. దూర ప్రయాణానికి డబ్బు కావాలి, దారి తెలిసిన బంధువు కావాలి, చేరాక పనికివచ్చే చదువో చేతిపనో కావాలి. ఈ మూడూ లేనివారు కదలరు, కదిలినా పొరుగు దేశం దాటరు. ఆదాయం కాస్త పెరిగినప్పుడు ఆ మూడూ సమకూరతాయి; పిల్లలు బడికి వెళ్తారు, పెద్ద పనుల మీద ఆశ పెంచుకుంటారు, ఆ ఆశకు తగిన ఉద్యోగాలు మాత్రం అంత వేగంగా పుట్టవు. ఆర్థికవేత్త మైకేల్ క్లెమెన్స్ లెక్కల ప్రకారం, కొనుగోలు శక్తిని బట్టి చూసిన తలసరి ఆదాయం ఏటా సుమారు 10,000 డాలర్లకు చేరేవరకు పేద దేశాల నుంచి వలస పెరుగుతూ పోయి, ఆ తర్వాత తగ్గుముఖం పడుతుంది. గ్రాఫు గీస్తే ఆ రేఖ ఎద్దు మూపురంలా లేచి దిగుతుంది కాబట్టి, దీన్ని వలస మూపురం అనవచ్చు.

ఈ మాటకు మనుషుల నోటి నుంచే సాక్ష్యం కావాలంటే, ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం 2019లో వెలువరించిన అధ్యయనాన్ని చూడవచ్చు. క్రమబద్ధం కాని దారుల్లో ఐరోపా చేరిన 1,970 మంది ఆఫ్రికా వలసదారులను అందులో ప్రశ్నించారు. వారు 39 దేశాలకు చెందినవారు. బయలుదేరే నాటికి వారిలో 58 శాతం మంది ఏదో ఒక పనిలోనో చదువులోనో ఉన్నారు, స్వదేశంలోని తమ ఈడువారికంటే ఎక్కువ చదువుకున్నారు. దారిలో ఎదురయ్యే ప్రమాదం ముందే తెలిసి ఉంటే ఇల్లు కదిలేవారం కాదని చెప్పినవారు 2 శాతం మాత్రమే. ప్రమాదాన్ని వివరించే ప్రచారాలతో వలస ఆగుతుందని ఎవరైనా అన్నప్పుడు ఈ అంకెను గుర్తు చేసుకోండి.

అయితే మూపురాన్ని కూడా కళ్లు మూసుకుని నమ్మవద్దు. అది ఎక్కువగా, ఒకే కాలంలో వేర్వేరు దేశాలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు కనిపించే చిత్రం. ఒకే దేశాన్ని ఏళ్ల తరబడి అనుసరిస్తూ లెక్కించిన జర్మనీలోని కీల్ నగర పరిశోధకులకు, ఆదాయం పెరిగేకొద్దీ సంపన్న దేశాలకు వలస తగ్గుతున్నట్టు కనిపించింది. పండితుల మధ్య ఈ వాదం ఇంకా తేలలేదు. కాబట్టి మీరు చదువుతున్న రచయిత "పరిశోధన నిరూపించింది" అన్నప్పుడు, అది దేశాల మధ్య పోలికా, ఒకే దేశంలోని మార్పా అన్నది వెతికి చూడండి. నా అంచనాలో మాత్రం, పదేళ్ల లోపు ఫలితం చూపాలనుకునే ఏ ప్రభుత్వమూ వలస తగ్గుతుందన్న హామీతో అభివృద్ధి సాయానికి ఓట్లు అడగడం నిజాయితీ అనిపించుకోదు.

పశ్చిమ ఆఫ్రికా తీరం నుంచి స్పెయిన్‌కు చెందిన కెనరీ దీవులకు సాగే సముద్రమార్గం ఈ సంక్లిష్టతను దగ్గరగా చూపిస్తుంది. 2006లో ఆ దారిన 31 వేల మందికి పైగా దీవులకు చేరారు. 2024లో ఆ సంఖ్య 46 వేలు దాటింది. ఈ రెండు సంవత్సరాల మధ్యకాలంలో, ఆ తీరంలోని సెనెగల్ దేశపు ఆర్థిక వ్యవస్థ చెప్పుకోదగిన వేగంతోనే పెరిగింది. కాని తీరం వెంట చేపలు తగ్గిపోయాయి. రంగులు వేసిన పొడవైన చెక్క పడవ ఉన్న జాలరికి వలలో పడే చేప చాలనప్పుడు, అదే పడవ, అదే ఇంజను, అలల మీద దారి తెలిసిన అదే అనుభవం మనుషులను దాటించడానికి పనికివస్తాయి. దేశపు సగటు ఆదాయం పైకి వెళ్తున్నా ఆ తీరగ్రామపు ఆదాయం కిందికి పోవచ్చు. అందువల్ల జాతీయ సగటుతో ఆగకుండా, వలస ఏ జిల్లా నుంచి, ఏ వృత్తి నుంచి సాగుతోందో చూడటం ఈ పరీక్షలో తప్పనిసరి.

కాలవ్యవధిని కాగితం మీద పెట్టండి

ఏ దేశాన్ని ఉదాహరణగా తీసుకున్నా మొదటి ఏడు, చివరి ఏడు రాసుకోండి. ఆ రెండింటినీ జరిపితే ముగింపు మారిపోతుందేమో చూడండి. మెక్సికో దీనికి మంచి పాఠం. 1994లో అమెరికా, కెనడాలతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం అమలులోకి వచ్చినప్పుడు, మెక్సికోలో ఉద్యోగాలు పెరిగి సరిహద్దు దాటేవారు తగ్గుతారని దాని సమర్థకులు చెప్పారు. ఆ ఏడాది చివరలోనే మెక్సికో కరెన్సీ పెసో కుప్పకూలింది. అమెరికా నుంచి చౌకగా దిగుమతైన మొక్కజొన్న ముందు చిన్న రైతులు నిలవలేకపోయారు. 2000 సంవత్సరంలో అమెరికా సరిహద్దు గస్తీ దళం పట్టుకున్న సందర్భాలు 16 లక్షలు దాటాయి. అక్కడితో ఆపితే, ఒప్పందం వలసను పెంచిందని రాయవచ్చు. ఇంకా ముందుకు వెళ్తే కథ మరోలా ఉంటుంది. ప్యూ పరిశోధన కేంద్రం అంచనాల ప్రకారం అమెరికాలో పత్రాలు లేని మెక్సికన్లు 2007లో సుమారు 69 లక్షలు. 2022 నాటికి వారు సుమారు 40 లక్షలకు తగ్గారు.

ఆ తగ్గుదలకు కారణం అభివృద్ధేనా? కొంతవరకు అవును. కాని 2008 మాంద్యంలో అమెరికా నిర్మాణ పనులు ఆగిపోయాయి, సరిహద్దు దాటడం ఖరీదైంది. అన్నింటికంటే నెమ్మదైన, బలమైన కారణం ఇళ్లలోనే ఉంది: 1970 ప్రాంతంలో మెక్సికో స్త్రీకి సగటున ఆరుగురికి పైగా పిల్లలు ఉండేవారు, 2020 నాటికి ఆ సగటు ఇద్దరి లోపుకు పడిపోయింది. పని వెతుక్కోవలసిన యువకుల గుంపే చిన్నదైంది. దక్షిణ కొరియాలోనూ ఇటువంటి సుదీర్ఘమైన మలుపే కనిపిస్తుంది. 1963 నుంచి తన గని కార్మికులను, ఆ వెనుకే నర్సులను పశ్చిమ జర్మనీకి పంపిన ఆ దేశం, 2004లో విదేశీ కార్మికులను రప్పించుకోవడానికి ఉపాధి అనుమతి వ్యవస్థ పెట్టుకుంది. ఈ రెండింటి మధ్య గడిచినవి నలభై ఏళ్లు. ఎవరైనా ఒకే కారణం చెబితే, మిగతా మూడింటిని మీరే వారి ముందు పెట్టండి.

ఒక ఇంటి లెక్క వేసి చూడండి

పెద్ద అంకెల తర్వాత, ఒక కుటుంబాన్ని ఊహించుకుని కాగితం మీద లెక్క వేయడం మంచిది. నేను ఈ పద్ధతిని ఎక్కువగా నమ్ముతాను, ఎందుకంటే జాతీయ గణాంకాల్లో కనిపించని అప్పు ఇక్కడ కనిపిస్తుంది.

ఒక యువకుడు దళారికి 8,000 డాలర్లు కట్టి దొంగదారిన వెళ్లాడనుకుందాం. ఆ డబ్బు నెలకు నూటికి 3 వడ్డీతో తెచ్చింది. చేరిన మరుసటి నెల నుంచే నెలనెలా 400 డాలర్లు పంపాడనుకుందాం. మొదటి నెల అందులో 240 డాలర్లు వడ్డీకే పోతాయి, అసలు తగ్గేది 160 మాత్రమే. అప్పు పూర్తిగా తీరడానికి 31 నెలలు పడుతుంది. మొత్తం కట్టేది సుమారు 12,400 డాలర్లు. ఈ రెండున్నరేళ్ల పైచిలుకు కాలంలో బ్యాంకు లెక్కల్లో ఆ ఇంటికి విదేశీ సొమ్ము వస్తూనే ఉంటుంది, కాని పిల్లల చదువుకు గాని, పొలానికి గాని ఒక్క డాలరు కూడా మిగలదు. అతనిని పన్నెండు నెలలకే పట్టుకుని వెనక్కి పంపేశారనుకోండి: అప్పటికి 4,800 డాలర్లు కట్టి ఉంటాడు, ఇంకా 5,700 డాలర్లకు పైగా బాకీ నిలిచి ఉంటుంది. స్వదేశపు కూలితో అది తీరదు. మళ్లీ అదే దారి పట్టడం తప్ప అతనికి వేరే మార్గం కనిపించదు. వెనక్కి పంపడమే మరో ప్రయాణానికి కారణమవుతుందన్న సంగతి ఇక్కడ అంకెల్లోనే బయటపడుతుంది.

ఇప్పుడు అదే యువకుడు చట్టబద్ధమైన ఒప్పందం మీద, 1,500 డాలర్ల ఖర్చుతో వెళ్లాడనుకుని అదే వడ్డీకి, అదే 400 డాలర్లకు లెక్క వేయండి. నాలుగు నెలలు దాటి కొద్ది రోజుల్లోనే అప్పు తీరిపోతుంది. మిగిలిన రెండేళ్ల సంపాదన ఆ ఇంటిదే, ఆ ఊరిదే. మీరు పరీక్షిస్తున్న దేశానికి సంబంధించి దళారుల రుసుము, వడ్డీ, కూలి రేట్లు దొరికితే ఈ అంకెల స్థానంలో వాటిని పెట్టి చూడండి.

పంపిన సొమ్మును సరిగా లెక్కించండి

ప్రపంచ బ్యాంకు అంచనా ప్రకారం 2023లో అల్ప, మధ్యాదాయ దేశాలకు వలసదారులు పంపిన సొమ్ము సుమారు 65,600 కోట్ల డాలర్లు. అదే ఏడాది సంపన్న దేశాలు ఇచ్చిన అధికారిక అభివృద్ధి సాయం 22,000 కోట్ల డాలర్ల పైచిలుకు. ఈ పోలిక చాలా చోట్ల కనిపిస్తుంది, నిజమే గాని జాగ్రత్తగా వాడవలసినది. పంపిన సొమ్ము కుటుంబాల సొంత డబ్బు, వారి కష్టార్జితం. దాన్ని ప్రభుత్వం చేయవలసిన రోడ్డుకో ఆసుపత్రికో ప్రత్యామ్నాయంగా లెక్కకట్టడం అన్యాయం. పైగా అందులో చట్టబద్ధంగా ఉన్నవారు పంపినది ఎంత, పత్రాలు లేనివారు పంపినది ఎంత అన్న విభజన ఆ మొత్తంలో ఉండదు. కాబట్టి ఆ అంకె మొత్తాన్ని అక్రమ వలస ఫలంగా చూపించే వ్యాసాన్ని అక్కడే పక్కన పెట్టవచ్చు.

కుటుంబాలకు మేలు జరుగుతుందనడానికి మాత్రం గట్టి ఆధారమే ఉంది. 1997 ఆసియా ఆర్థిక సంక్షోభంలో ఒక్కో దేశపు కరెన్సీ ఒక్కో విధంగా మారినందువల్ల, ఏ దేశంలో పనిచేస్తున్నారన్న దాన్ని బట్టి ఫిలిప్పీన్స్ వలసదారుల కుటుంబాలకు అందే సొమ్ములో తేడా వచ్చింది. ఆర్థికవేత్త డీన్ యాంగ్ ఆ తేడాను ఆసరాగా తీసుకుని పరిశీలించగా, ఎక్కువ అందిన ఇళ్లలో పిల్లలు బడిలో నిలిచారు, చిన్నపాటి సొంత వ్యాపారాలకు పెట్టిన సమయం, పెట్టుబడి పెరిగాయి. దేశం మొత్తానికి జరిగే మేలు ఇంత సూటిగా ఉండదు. మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్‌లో ఈ సొమ్ము జాతీయోత్పత్తిలో ఐదో వంతును మించి ఉంది. అంతమేరకు ఆ దేశం వేరే దేశపు కూలి మార్కెట్టు మీద, అక్కడి వలస విధానం మీద ఆధారపడి ఉన్నట్టే.

పంపే ఖర్చునూ లెక్కలో చేర్చండి. 2030 నాటికి ఆ రుసుమును 3 శాతం లోపుకు తేవాలని ఐక్యరాజ్య సమితి సుస్థిర అభివృద్ధి లక్ష్యాల్లో రాసుకున్నారు; ప్రపంచ సగటు ఇంకా దానికి సుమారు రెట్టింపు ఉంది. పత్రాలు లేనివారికి బ్యాంకు ఖాతా తెరవడమే కష్టం కాబట్టి వారు ఖరీదైన దారులనో, నమ్మకం మీద నడిచే చేతిబదిలీలనో ఆశ్రయిస్తారు. ఊరి ఉమ్మడి పనులకు ఈ సొమ్మును మళ్లించిన ప్రయత్నాల్లో మెక్సికోలో 2002 నుంచి దేశవ్యాప్తంగా నడిచిన "ఒకటికి మూడు" పథకం పరిశీలించదగినది: వలసదారుల సంఘం ఒక పెసో వేస్తే కేంద్రం, రాష్ట్రం, స్థానిక ప్రభుత్వం తలా ఒక పెసో కలిపేవి. నీటి పైపులు, రోడ్లు వచ్చాయి. కాని సంఘాలు బలంగా ఉన్న ఊళ్లకే నిధులు వచ్చాయి, ఎవరూ వలస వెళ్లలేని నిరుపేద ఊళ్లకు అందలేదు.

సాయం పేరున ఏం కొంటున్నారో చూడండి

"మూలకారణాల" మీద ఖర్చు అన్న మాట కనిపిస్తే పద్దుల్లోకి వెళ్లండి. ఐరోపా సమాఖ్య 2015లో మాల్టా రాజధాని వాలెట్టాలో జరిగిన సమావేశంలో ప్రారంభించిన ఆఫ్రికా అత్యవసర నిధికి సుమారు 500 కోట్ల యూరోలు సమకూరాయి; అందులో ఉపాధి పథకాలతో పాటు సరిహద్దుల నిర్వహణ కూడా ఉంది. ఆ కాలంలోనే, ఐరోపా వైపు వెళ్లే వలసదారులు దాటే ఆఫ్రికా దేశం నైజర్, మనుషుల దొంగ రవాణాను నేరంగా చేస్తూ చట్టం తెచ్చింది. ఎడారి అంచున ఉన్న అగాదెజ్ పట్టణంలో వలసదారులను మోసే ట్రక్కు డ్రైవర్లు, బస ఇచ్చేవారు, భోజనం, నీళ్లు అమ్మేవారు ఒక్కసారిగా బతుకుతెరువు కోల్పోయారు. ప్రయాణాలు కాపలా లేని, బావులు లేని దారులకు మళ్లాయి. 2023 నవంబరులో అక్కడి సైనిక ప్రభుత్వం ఆ చట్టాన్ని రద్దు చేసింది. ఒక నిధి అభివృద్ధి చేసిందా లేదా అని అడిగేటప్పుడు, అది ఎవరి జీవనోపాధిని తీసేసిందో కూడా అడగాలి.

చట్టబద్ధమైన దారి ఉందో లేదో అడగండి

ఈ ప్రశ్న చివరన వచ్చినా, నా దృష్టిలో మిగతా అన్నింటికంటే బరువైనది. పని ఉంది, పనివాడు ఉన్నాడు, మధ్యలో అనుమతి లేదు: అక్రమ వలస పుట్టేది ఆ ఖాళీలోనే. అమెరికా 1942 నుంచి 1964 వరకు బ్రసేరో పథకం కింద మెక్సికో కూలీలను ఒప్పందం మీద రప్పించుకుంది. ఆ పథకంలో దోపిడీ జరిగింది, దాన్ని కప్పిపుచ్చనవసరం లేదు. కాని పథకం ముగిశాక పొలాలూ పోలేదు, పనీ పోలేదు. వెనుకటి మనుషులే పత్రాలు లేకుండా రావడం పెరిగింది. తర్వాతి దశాబ్దాల్లో కాపలా బిగించేసరికి, ఏటా పంటకాలం ముగియగానే ఇంటికి తిరిగి వెళ్లేవారు, మళ్లీ రాలేమన్న భయంతో అక్కడే ఉండిపోయారని సామాజిక శాస్త్రవేత్త డగ్లస్ మాసీ తన సుదీర్ఘ అధ్యయనాల్లో చూపించారు.

దీనికి ఎదురుగా న్యూజీలాండ్ 2007లో పసిఫిక్ దీవులవారి కోసం ప్రారంభించిన రుతువారీ కూలి పథకాన్ని పెట్టి చూడండి. పండ్లతోటల్లో కొన్ని నెలలు పనిచేసి, తిరిగి వెళ్లి, మరుసటి ఏడు మళ్లీ రావచ్చు. జాన్ గిబ్సన్, డేవిడ్ మెకెంజీ చేసిన పరిశీలనలో టోంగా, వనువాటు దీవుల్లో ఈ పథకంలో చేరిన కుటుంబాల తలసరి ఆదాయం 30 శాతానికి పైగా పెరిగింది. కొలంబియా 2021లో మరో మార్గం పట్టింది. అప్పటికే దేశంలో ఉన్న 17 లక్షల మందికి పైగా వెనెజ్వెలా వలసదారులకు పదేళ్ల తాత్కాలిక రక్షణ హోదా ఇవ్వాలని నిర్ణయించింది, అంటే మనిషిని కదిలించకుండా హోదాను మార్చింది.

ఇక తేలినదాన్ని రాసేటప్పుడు, మొదటి వాక్యంలోనే ఏ దేశం, ఏ రకం వలసదారులు, ఏ కాలం అన్నది చెప్పండి. అంకెలు ఎక్కడ అంచనాలో, ఎక్కడ నమోదైన లెక్కలో విడదీయండి. పత్రాలు లేనివారి సంఖ్య ఎప్పుడూ అంచనాయే, సరిహద్దులో పట్టుకున్న సంఖ్యలో ఒకే మనిషి రెండు మూడుసార్లు లెక్కకు రావచ్చు. వలస తగ్గిందా అన్న ప్రశ్నకు, స్వదేశంలో బతుకు బాగుపడిందా అన్న ప్రశ్నకు జవాబులను వేర్వేరు పేరాల్లో రాయండి. వలస తగ్గలేదన్న ఒక్క కారణంతో ఒక బడినో, ఒక సాగునీటి కాలువనో విఫలమైన పథకంగా చూపిస్తూ మీరు రాసిన వాక్యం ఏదైనా ఉంటే, దాన్ని కొట్టివేసి, ఆ బడిలో ఎందరు చదువుతున్నారో, ఆ కాలువ కింద ఎంత భూమి సాగవుతోందో అక్కడ రాయండి.